కలివికోడి జాడ

కడప జిల్లాలో లంకమల కొండల చెంతనున్న ముండ్లపొదలను చూచినవారు వట్టి బీళ్లని తలంతురు. ఆ పొదలే ఒక అరుదైన పక్షికి ఆశ్రయము. దాని పేరు కలివికోడి.

1848 ప్రాంతమున జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. 1900 తరువాత దీని జాడ లేకపోవుటచే అంతరించినదని పలువురు భావించిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పల్లెలలో దీని చిత్రమును చూపి విచారింపగా, 1986 జనవరిలో రెడ్డిపల్లె వద్ద ఒక వేటగాడు రాత్రివేళ దీనిని ప్రాణముతో పట్టుకొనెను. కొలది దినములకే ఆ పక్షి మరణించెను; కాని జాతి బ్రతికియున్నదని తేలెను. 1988లో అచట అభయారణ్యము వెలసెను.

రాత్రి తిరుగు పక్షిని లెక్కించుట కష్టము. కావున పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరచి, తెల్లవారి అడుగుజాడలు వెదకిరి. మునిమాపువేళ దాని కూతను వినిపించి, బదులుకూతకై చెవియొగ్గిరి. పొదలనుగూడ లెక్కించిరి. అవి మరీ దట్టమైనను, మరీ పలుచనైనను ఈ పక్షికి సరిపడదట! కట్టెలకై నరికినను, సాగుకై దున్నినను దాని ఇల్లు చెడును.

పండితులకు దారి చూపినది పల్లెవాసి కన్ను. బీడని కత్తి యెత్తుటకు ముందు, ఆ పొదలో ఎవరి కాపురమున్నదో చూచుట మన విధి.