తీర్పరి మాట తప్పయిన నాడు

చెడుగుడు ఆటలో తగాదాకు మూలము చాలవరకు ఒక్కటే: కూత తెగినదా, తెగలేదా? గీత దాటిపోయి అవతలివారిని ముట్టి వచ్చినవాడు ఇవతల అడుగు పెట్టీపెట్టకముందే "ఊపిరి తీసినాడు" అని వారు, "తీయలేదు" అని వీరు. దీనికి చూపదగిన సాక్ష్యము లేదు. చెవిని పడినదే సాక్ష్యము. ఏ పక్షము చెవి ఆ పక్షముదే. చోడవరము చుట్టుపట్ల చెరకు కొట్టిన చేలలో, సంక్రాంతి నాళ్ళలో, ఈ ఆట చూచినవారికి ఈ వాదము క్రొత్త కాదు. అందుకే ఆటకు ముందు ఒక పెద్దమనిషిని కూర్చుండబెట్టుకొంటారు. ఆయన చెప్పినదెల్ల నిజమని కాదు. ఆయన చెప్పిన పిమ్మట ఆట సాగవలెనని ఉభయులును ముందుగా ఒప్పుకొన్నారు. తీర్పరి అధికారమంతయు ఆ ఒప్పుకోలులో ఉన్నది.

అయితే తీర్పరి పొరబడినాడని ఆట ముగిసిన తరువాత రుజువైనచో ఏమి చేయవలెను? తప్పు దిద్దు హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు లోకము చెప్పుకొన్న జవాబులను వరుసగా చూచినచో, అమెరికా కళాశాలల ఫుట్‌బాలులో మొదలైన దారి విశాఖపట్నము వరకు వస్తుంది.

అక్కడి ఫుట్‌బాలు మనము ఎరిగిన ఫుట్‌బాలు కాదు. బంతిని చేతపట్టి పరుగెత్తుట, విసరుట అందులో ముఖ్యము. బంతి ఉన్న పక్షమునకు నాలుగు దఫాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజములైనను ముందుకు పోవలెను, లేదా చివరి గీతయైనను దాటవలెను. లేనిచో బంతి ఎదుటివారి పాలు. లెక్క నాలుగు వరకే. పసిపిల్లవాడు కూడ వ్రేళ్ళపై లెక్కింపగలడు. అయినను ఆ లెక్కయే తప్పినది.

1940 నవంబరు 16వ తేదీన హానోవరు పట్టణములో డార్ట్‌మత్ కళాశాలతో కార్నెల్ విశ్వవిద్యాలయము తలపడినది. కార్నెల్ జట్టు అంతకు ముందు 18 ఆటలలో ఓటమి ఎరుగదు. ఆనాడు మాత్రము ఆట ముగియవచ్చినను డార్ట్‌మత్ 3-0తో ముందున్నది. చివరి నిమిషములో కార్నెల్ జట్టు గీత దాపునకు వచ్చినది. మూడు దఫాలు తోసుకొనిపోయి, గీతకు గజము దూరములో నిలిచిపోయినది. అంతలో ఆలస్యము చేసినందుకు అయిదు గజముల శిక్ష పడి వెనుకకు పోవలసివచ్చినది. నాలుగవ దఫా విసరిన బంతి ఎవరికిని అందక నేలపాలైనది. న్యాయముగా కార్నెల్ ఆశ అక్కడితో సరి. కాని ఆ సందడిలో రెఫరీ విలియం ఫ్రీసెల్ లెక్క తప్పి, కార్నెల్‌కు ఇంకొక దఫా ఇచ్చినాడు. ఆ అయిదవ దఫాలో వాల్టర్ షోల్ విసరిన బంతిని బిల్ మర్ఫీ గీత అవతల అందుకొన్నాడు. ఫలితము 7-3, కార్నెల్ గెలుపు.

ఆటను చలనచిత్రముగా తీయు అలవాటు అప్పటికే అక్కడ ఉన్నది. ఫిలిమును కడిగి చూచినారు. దఫాలు అయిదు, సందేహము లేదు. సోమవారము నాటికి ఫ్రీసెల్ తన పొరపాటును ఒప్పుకొన్నాడు. అయినను ఫలితమును మార్చు అధికారము ఆయనకు లేదు, ఆయనను నియమించినవారికిని లేదు. ఆటతో పాటు రెఫరీ అధికారమును ముగిసినది. ఇక మార్చగలవారు ఒక్కరే, గెలిచినవారు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఎడ్మండ్ ఎజ్రా డే, శిక్షకుడు కార్ల్ స్నేవ్లీ మున్నగువారు ఆలోచించుకొని, విజయము మీదేనని డార్ట్‌మత్‌కు తంతి పంపినారు. డార్ట్‌మత్ స్వీకరించినది. నేటికిని గ్రంథములలో ఆ ఆట ఫలితము 3-0. తరువాతి శనివారము కార్నెల్ జట్టు పెన్సిల్వేనియా చేతిలో 22-20తో, ఈసారి మైదానములోనే, ఓడినది.

ఈ కథను చెప్పువారు సాధారణముగా ఇక్కడ ఆపుతారు. అది సరికాదు. సరిగా ఏబది ఏండ్లకు, 1990 అక్టోబరు 6న, మిసోరీ విశ్వవిద్యాలయముపై కొలరాడో జట్టు ఇదే తీరున అయిదవ దఫాలో గీత దాటి 33-31తో గెలిచినది. తీర్పరులను కొంతకాలము తొలగించినారు. కొలరాడో మాత్రము గెలుపును విడువలేదు. ఆ ఏడు జాతీయ ప్రాథమ్యమును జార్జియా టెక్‌తో కలిసి పంచుకొన్నది కూడ. నియమము రెండు జట్లకును ఒక్కటే. ఒకరు విడిచినారు, ఒకరు విడువలేదు. గెలిచినవాని మనసుపై ఆధారపడు న్యాయము ఎంత అస్థిరమో దీనివలన తెలియును.

కార్నెల్ చేసిన పని వంటిదే మన దేశమున ఒక క్రికెటు నాయకుడు చేసినాడు. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో స్వర్ణోత్సవ టెస్టు జరిగినది. సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చినందున ఒక దినము ఆటనే మానిన టెస్టు అది. ఇంగ్లండు 58 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకొన్నది. కొంతసేపటికి బాబ్ టేలరు వికెటుకీపరుకు క్యాచి ఇచ్చినాడని అంపైరు వ్రేలెత్తినాడు. బ్యాటుకు బంతి తగులలేదని మన నాయకుడు గుండప్ప విశ్వనాథ్‌కు తోచినది. అప్పీలు విరమించి టేలరును వెనుకకు పిలిచినాడు. టేలరు, ఇయాన్ బోథాం కలిసి 171 పరుగులు చేర్చినారు. మనము పది వికెట్ల తేడాతో ఓడితిమి. విశ్వనాథ్‌ను మెచ్చినవారు ఎందరో, నొచ్చుకొన్నవారును ఉన్నారు. నా మట్టుకు ఆ ఓటమి ఏ గెలుపుకును తీసిపోదు.

పొరపాటు ఒక ఎత్తు, పక్షపాతమను అనుమానము మరియొక ఎత్తు. ఆతిథ్యమిచ్చు దేశపు అంపైర్లే టెస్టులలో నిలుచుట చిరకాలపు ఆచారము; ఓడిపోయిన అతిథులు వారిని నిందించుటయు అంతే చిరకాలపు ఆచారము. దీనిని మార్చవలెనని పట్టుబట్టినవాడు పాకిస్తాన్ నాయకుడు ఇమ్రాన్ ఖాన్. 1986 నవంబరులో వెస్టిండీస్‌తో లాహోరులో జరిగిన టెస్టుకు ఇద్దరు భారతీయులు అంపైర్లుగా నిలిచినారు. ఒకరు బొంబాయికి చెందిన పీలూ రిపోర్టరు; రెండవవారు మన హైదరాబాదు వి. కె. రామస్వామి. ఇంగ్లండులో 1912లో మూడు దేశముల పోటీ జరిగిన తరువాత తటస్థ అంపైర్లు టెస్టులో నిలుచుట అదే మొదలు. పిలిచినవారి జట్టే ఆ ఆటలో ఇన్నింగ్సు తేడాతో ఓడినది. 1994 నుండి ప్రతి టెస్టుకును ఒక తటస్థ అంపైరు, 2002 నుండి ఇద్దరును తటస్థులు కావలెనన్న నియమము వచ్చినది. ఈ మార్పునకు ఒక తెలుగు నగరపు అంపైరు దారితీసినాడను మాట మనవారిలో తగినంతగా ప్రచారము కాలేదు.

తరువాత తెర వచ్చినది. 1992 నవంబరులో డర్బనులో సచిన్ టెండూల్కరు రనౌటును మైదానములోని అంపైరు తేల్చక, దూరదర్శనముపై చూచుచున్న మూడవ అంపైరుకు అప్పగించినాడు. ఆ పద్ధతిన అవుటైన తొలివాడు సచినే. గీత లోపల బ్యాటు ఉన్నదా, లేదా? ఇది జరిగిపోయిన సంగతి. కార్నెల్ దఫాల వలె బొమ్మలో దొరుకును. అమెరికా కళాశాలల ఫుట్‌బాలులోను 2004లో ఒక కూటమి పరీక్షగా మొదలుపెట్టగా, బొమ్మను మరల చూచి తీర్పు దిద్దు పద్ధతి వ్యాపించినది.

ఎల్.బి.డబ్ల్యు. సంగతి అట్టిది కాదు. కాలికి తగిలి ఆగిపోయిన బంతి, తగులకుండినచో స్టంపులను కొట్టెడిదా? ఇది జరుగని సంగతి. ఏ కెమెరాయు జరుగని దానిని పట్టలేదు. కాలిని చేరువరకు బంతి నడకను పలు కెమెరాలతో కొలిచి, ఆవలి దారిని యంత్రము గణించి చూపును. ఈ పద్ధతిని 2008లో భారత, శ్రీలంక జట్ల నడుమ మొదట పరీక్షించినారు. మన క్రికెటు పెద్దలు చాలకాలము దానిని నమ్మలేదు. 2016లో ఇంగ్లండు జట్టు వచ్చినపుడు ఒప్పుకొన్నారు. రాజకోట తరువాత ఆ వరుసలోని రెండవ ఆట విశాఖపట్నములో, పోతినమల్లయ్యపాలెము మైదానములో జరిగినది. ఆ నగరమునకు అదే మొదటి టెస్టు.

2024 ఫిబ్రవరిలో అదే మైదానమునకు ఇంగ్లండు మరల వచ్చినది. అప్పటికి చోడవరము విశాఖపట్నము జిల్లాను వదలి క్రొత్తదైన అనకాపల్లి జిల్లాలో చేరి దాదాపు రెండేండ్లు. నాలుగవ దినము ఫిబ్రవరి 5. ఇంగ్లండు గెలువవలెనన్నచో 399 పరుగులు కావలెను. మొదటి ఇన్నింగ్సులో 76 చేసిన జాక్ క్రాలీ ఈసారియు 73 చేసి నిలదొక్కుకొన్నాడు. కుల్దీప్ యాదవ్ బంతి అతని కాలికి తగిలినది. అంపైరు అవుటు ఇయ్యలేదు. మనవారు పునఃపరిశీలన కోరినారు. బంతి లెగ్ స్టంపునకు తగులునని తెర చూపినది. అవుటు. ఇంగ్లండు 292కు ముగిసి, 106 పరుగుల తేడాతో ఓడినది.

టెలివిజనులో చూచిన ఎందరికో బంతి లెగ్ స్టంపును తప్పించుకొని పోవునట్లే తోచినది. ఇంగ్లండు నాయకుడు బెన్ స్టోక్స్ ఈసారి యంత్రము పొరబడినదని తన అభిప్రాయము చెప్పినాడు. ఓటమికి అదే కారణమని మాత్రము అనలేదు. యంత్రము పుట్టినది ఇంగ్లండులోనే అన్న సంగతి ఇక్కడ జ్ఞాపకము రాక మానదు! నా విశ్వాసము యంత్రము వైపే. టెలివిజను ఒక్క కోణమునుండి చూపును. ఆ ఒక్క కోణమును నమ్మిన కన్ను మోసపోవుట సులభము. కాని స్టోక్స్ మాటను కొట్టివేయుటకు పూనుకొన్నవారు ఒక సంగతి మరచినారు. ఫ్రీసెల్‌ను కాదనుటకు ఫిలిము ఉన్నది. ఈ యంత్రమును కాదనుటకు గాని, ఔననుటకు గాని, ఆ బంతి స్టంపుల దాక పోనేలేదు. అంచనాను నమ్ముదమని ఉభయులును ముందుగా ఒప్పుకొన్నారు, అంతే. చెడుగుడు పెద్దమనిషి చోట గణితము వచ్చి కూర్చున్నది.

పది దినముల తరువాత మొదలైన రాజకోట టెస్టులో వాదము మరల రేగినది. ఈసారి కారణము వేరు. బంతి స్టంపులకు అంచున మాత్రమే తగులునని యంత్రము చూపినచో, మైదానములోని అంపైరు మాటయే నిలుచునన్న నియమము ఒకటి ఉన్నది. క్రాలీ ఆ నియమము వలననే అవుటైనాడు. స్టోక్స్ ఆట తరువాత రెఫరీ జెఫ్ క్రోను వివరము అడిగి, ఆ నియమమునే ఎత్తివేయవలెనన్నాడు. విశాఖపట్నములో యంత్రము అంపైరును కాదన్నందుకు తగాదా, రాజకోటలో కాదననందుకు తగాదా! నియమము ఆనాడు మారలేదు. విశాఖపట్నము ఆట పట్టికలోను ఆ పంక్తి మారలేదు: క్రాలీ, ఎల్.బి.డబ్ల్యు., బౌలరు కుల్దీప్ యాదవ్, 73.