చుక్క నీటి లెక్క

ఎ.కొండూరు మండలం తండాల్లో ఒకప్పుడు ఇద్దరు ఎదురుపడితే పత్తి ధరో మిర్చి ధరో మాట్లాడుకునేవారు. ఇప్పుడు మొదట అడిగేది "క్రియాటినిన్ ఎంతుంది?" అని. కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్ష అంకె అది. చదువు రాని ముసలమ్మకు కూడా ఆ మాట నోటికొచ్చింది. ఇంటికొక్క రిపోర్టు కాగితం వస్తుంటే రాకేం చేస్తుంది?

ఈ కిడ్నీ జబ్బుల కథ బోరు దగ్గర మొదలైంది. వాగులు ఎండి, బావులు పూడి, బోర్లు లోతుకు పోయేకొద్దీ రాళ్లలోని ఫ్లోరైడ్, సిలికా బిందెల్లోకి ఎక్కాయి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చు అన్నది మన దేశపు ప్రమాణం. ఆ హద్దు దాటిన నీళ్లు కూడా చూడ్డానికి తేటగానే ఉంటాయి. అందుకే తాగారు.

అదే బోరు నీళ్లతో ఇళ్లలో సారా కాచారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా అమ్మకాన్ని నిషేధించింది. దుకాణాలు మూతపడ్డాయి, తోటల్లో బట్టీలు మాత్రం ఆరలేదు. డ్రమ్ములో నల్లబెల్లం నానేసి, పులిసి నురగ అణిగిన ఊటను పొయ్యికెక్కిస్తారు. ఆవిరి గొట్టంలోంచి సాగి, చన్నీళ్ల తొట్టిలో చల్లబడి, చుక్క చుక్కగా సీసాలోకి దిగుతుంది.

ఈ విషాదంలో నన్ను కలచివేసేది ఆ చుక్కే. ఫ్లోరైడ్, సిలికా ఆవిరి కావు, గుండిగ అడుగునే ఉండిపోతాయి. నీళ్లలోని లవణాలను విడదీసే విద్య తండా చేతిలోనే ఉంది. ఆ విద్య సారాకు పనికొచ్చింది గాని, చంటిపిల్ల తాగే నీళ్లకు అందలేదు. అలాగని సారా మంచిదేమీ కాదు. త్వరగా పులియాలని ఊటలో ఎరువులూ మందులూ కలిపే చోట అది విషమే. పైగా ఎండలో చాకిరీ చేసి, నొప్పి మాత్రలు మింగి, సారా తాగి, మళ్లీ అదే బోరు నీళ్లతో దాహం తీర్చుకున్న ఒంటిలో దేని పాపం ఎంతో ఎవరు పంచగలరు? శాస్త్రవేత్తలు కూడా ఫలానా ఒక్కటే కారణమని తేల్చలేదు.

కిడ్నీలు పాడయ్యాక ఆర్వో నీళ్ల మాట వినబడింది. ఉప్పులు దాటలేని పలుచని పొర గుండా నీటిని ఒత్తిడితో నెట్టడమే ఆర్వో. ఇక్కడ ఆ నీటికి డయాలసిస్ పని పడింది. రోగి మంచం పక్కన యంత్రంలో రక్తాన్ని కడగాలి. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కసారికి సుమారు 120 లీటర్లు ఖర్చవుతుంది. ఆ మంచం మీది మనిషికేమో రోజంతటికీ లీటరు నీళ్లు తాగడానికి కూడా అనుమతి ఉండదు, గ్లాసుతో కొలిచి ఇస్తారు. జీవితమంతా తాగడానికి దొరకని శుద్ధజలం పక్క నుంచే పారిపోతుంటే, అతను పెదవులు తడుపుకుంటాడు.

ఎ.కొండూరులోనే డయాలసిస్ కేంద్రం వచ్చింది. ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది. జల్ జీవన్ మిషన్ కింద కుదప నుంచి కృష్ణా నీటిని తండాలకు తెచ్చే పథకం చేపట్టారు. ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ పాడైన కిడ్నీ మళ్లీ చిగురించదు.

కొళాయి తిప్పితే నీళ్లు వస్తున్న ఇంట్లో కూర్చుని ఇది చదువుతున్నవారు ఒక్క పని చేయండి. మీ ఊరి బోరు నీళ్లను ఈ నెలలోనే పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ నాలుకకు తెలియదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది.