పొట్లము ముందు, పొట్లము వెనుక



చిన్న పల్లెయంగడిలో సైతము నేడు మెఱుగు కాగితపు పొట్లములు తోరణములవలె వ్రేలాడుచున్నవి. అందలి తినుబండారములు పిల్లలకు మేలా, కీడా యని పెద్దలు నన్నడుగుచుందురు. ఉత్తరము చెప్పుటకు ముందు వనస్పతి చరిత్రమును కొంత మనవిచేసెదను.

నూనెకు హైడ్రోజను వాయువును చేర్చి గట్టిపఱచు విధానమునకు జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడగు నార్మన్ 1902లో పేటెంటు పొందెను. అట్టి క్రొవ్వు 1937లో డాల్డా యను పేర మనదేశమున అమ్మకమునకు వచ్చెను. నేతివలె పేరుకొనును, నేతికంటె చౌక, త్వరగా ముక్కిపోదు. కావున వంటయిండ్లలోను, మిఠాయి అంగళ్లలోను, బిస్కట్ల కర్మాగారములలోను అది స్థిరపడెను.

అయితే నూనెను కొంతవఱకే గట్టిపఱచినపుడు అందు 'ట్రాన్స్ క్రొవ్వు' పుట్టును. అది రక్తమున చెడ్డ కొలెస్టరాలును పెంచి, మంచిదానిని తగ్గించునని హాలెండు శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిరి. అది గుండెజబ్బునకు దారి. మనదేశమున ఆ హద్దును క్రమముగా తగ్గించుచు వచ్చి, నూనెలలోను క్రొవ్వులలోను అది నూటికి 2 పాళ్లకు మించరాదను నియమమును 2022 జనవరిలో అమలుపఱచిరి. అప్పటికి డాల్డా వచ్చి 85 ఏండ్లు గడచెను. మూడు తరములవారు దానిని నమ్మి భుజించిరి.

రుచి, చౌక, నిలువయుండుట — ఇవి ఆరోగ్యమునకు సాక్ష్యములు కావని ఈ చరిత్రము చెప్పుచున్నది. పొట్లముపైని ఆకుపచ్చ చుక్కయు శాకాహారమని మాత్రమే తెలుపును. అసలు సాక్ష్యము వెనుకవైపు సన్నని యక్షరములలో నున్నది. ఎక్కువ తూకముగల దినుసును మొదట వ్రాయవలెనని నియమము. మొదటి మూడు పేళ్లలో పంచదారయో, మైదాయో, నూనెయో యున్నచో, ముందువైపున నెన్ని పండ్ల బొమ్మలున్నను ఫలము లేదు. ఉప్పును 'సోడియము' అని వ్రాయుదురు. ఆ యంకెను రెండున్నరతో హెచ్చించిన ఉప్పెంతో తేలును. 800 మిల్లీగ్రాముల సోడియమనగా 2 గ్రాముల ఉప్పు. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోపుగా నుండవలెనని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది.

పొట్లములోని దెల్ల చెడ్డదని నేననను. మాటిమాటికి కాచిన నూనెలో వేగిన ఇంటి జంతికకును దోషము గలదు. ఉప్పు చేర్చక వేయించిన సెనగలు పొట్లములో నున్నను మంచివే.

చదువనేర్చిన పెద్దలు పత్రమును చదువక చేవ్రాలు చేయరు గదా! మనుమల చేతికిచ్చు పొట్లమును గూడ అట్లే చదివి యియ్యుడు.