మిద్దె మీది పావురాలు - మద్రాసు నుంచి డార్విన్ దాకా

పావురాలు పెంచడం పనీపాటా లేనివాళ్ళ వ్యవహారమని ఇంట్లో పెద్దలు కసురుకోవడం కొత్త విషయం కాదు. అయితే ఆ "పనీపాటా లేనివాళ్ళు" తరతరాలుగా కూడబెట్టిన అనుభవం 19వ శతాబ్దపు ఒక మహాగ్రంథానికి ఆధారాలలో ఒకటయింది. ఆ ఆధారాలలో కొంత భాగం, తెలుగు జిల్లాలలో చాలాకాలం పనిచేసిన ఒక అధికారి చేతుల మీదుగా మద్రాసు నుంచి వెళ్ళింది. ఆ సంగతిని క్లుప్తంగా పరిశీలిద్దాం.

ముందుగా పెంపకం సంగతి. పంజరంలోని చిలకను బంధించి ఉంచుకుంటాం. మిద్దె మీది పావురాన్ని వదిలిపెట్టి ఉంచుకుంటాం. పావురం తాను పెరిగిన గూటిని మరువదు. అందుచేత ఎదిగిన పక్షిని కొని తెచ్చి వదిలితే పాత యజమాని ఇంటికే పోతుంది. పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి, కొన్ని వారాలు గూట్లో ఉంచి, చుట్టుపక్కల కప్పులు కంటికి అలవాటయ్యాక, సాయంకాలం మేతకు ముందు ఆకలితో ఉన్నప్పుడు వదలాలి. గింజల డబ్బా చప్పుడు, యజమాని ఈల, ఈ రెండే దానికి పగ్గాలు. పెట్ట రెండు గుడ్లు పెడుతుంది. పోతూ పెట్టా వంతులవారీగా సుమారు 18 రోజులు పొదుగుతాయి. జతకట్టినవి సాధారణంగా విడిపోవు. కాబట్టి ఒకే చోట నాలుగైదు జాతులు తిరుగుతున్నా, ఏ పోతుకు ఏ పెట్ట అన్నది పెంచేవాడు నిర్ణయించగలడు. ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి.

మన దేశంలో ఈ వేడుకకు విపులమైన లిఖితసాక్ష్యం అబుల్ ఫజల్ రచించిన 'ఐనీ అక్బరీ'. అక్బరు కొలువులో 20,000కు పైగా పావురాలుండేవని, వాటిలో 500 మాత్రమే మేలిరకాలని అందులో ఉన్నది. ఈ క్రీడకు పాదుషా పెట్టిన పేరు 'ఇష్క్‌బాజీ', అంటే ప్రేమక్రీడ. పావురాల మోజు ఆ వంశంలో అంతకు ముందే ఉన్నది. బాబరు తండ్రి ఉమర్ షేక్ మీర్జా 1494లో కొండ అంచున కట్టిన పావురాల గూటితో సహా పడి మరణించాడు. తోకను విసనకర్రలా విప్పే 'లక్కా', నేలమీద దొర్లే 'లోటన్' వంటి పేర్లు ఆ గ్రంథంలో కనిపిస్తాయి.

ఇక సర్ వాల్టర్ ఎలియట్ (1803-1887). ఈయన 1845 నుంచి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరు. 1845లో అమరావతి స్తూప శిల్పాలను తవ్వించినవాడుగా మన విద్యార్థులకు పరిచితుడే. తరువాత మద్రాసు గవర్నరు కౌన్సిలులో సభ్యుడయ్యాడు. 1855లో ఇంగ్లండులోని తన ఇంట పావురాలను పెంచడం మొదలుపెట్టిన డార్విన్, 1856లో ఎలియట్‌కు జాబు రాసి భారతీయ జాతుల చర్మాలు పంపవలసిందిగా కోరాడు. ఎలియట్ పంపాడు. 1859లో వెలువడిన 'జాతుల ఉత్పత్తి'లో డార్విన్ ఆయనకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పాడు. ముసారి అనే రచయిత (మరణం 1770) పారశీకంలో రాసిన పావురాల గ్రంథానికి అనువాదం కూడా ఎలియట్ ద్వారానే తనకు అందిందని 1868 నాటి గ్రంథంలో పేర్కొన్నాడు.

ఈ పావురాలు డార్విన్‌కు ఏం చెప్పాయి? ఇన్ని రూపాలూ కొండబండల్లో గూడు కట్టే ఒకే అడవి పావురం నుంచి, మనిషి తరతరాలుగా చేసిన ఎంపిక వల్ల పుట్టాయని. మెల్లగా కుదిపి నేల మీద పెడితే పిల్లిమొగ్గలు వేస్తూ పోయే లోటన్ 1600కు ముందే ఉన్నదనడానికి అబుల్ ఫజల్ సాక్ష్యం పనికివచ్చింది. జతలు విడిపోవు గనుక పలు జాతులను ఒకే చోట పెంచవచ్చునన్న అంశాన్నీ డార్విన్ ప్రత్యేకంగా పేర్కొన్నాడు. మన మిద్దెల మీది కుర్రవాడికి తెలిసిన సంగతే అది.

ఇక్కడొక లోటు కనిపిస్తుంది. పంపిన ఎలియట్ పేరు పుస్తకానికెక్కింది. ఆ జాతులను నిలబెట్టుకొచ్చిన పెంపకందారుల పేర్లు ఎక్కలేదు. మద్రాసు పలుభాషల నగరం. ఆ పక్షులన్నీ తెలుగువారివేనని లెక్క కట్టడం చరిత్ర కాదు. ఉర్దూ, తమిళం, తెలుగు మాట్లాడేవారు ఇరుగుపొరుగు మిద్దెల మీద బతికిన ఊరు అది.

ఎలియట్ 1859లోనే 'ఫ్లోరా ఆంధ్రికా' అనే గ్రంథంలో తెలుగు జిల్లాల మొక్కల పేర్లను సేకరించి ప్రకటించాడు. పావురాల మాటలకూ అటువంటి పట్టిక కావాలి. చెన్నైలో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్న మన విద్యార్థులు తమ వీధిలోని పెంపకందారులను కలవాలి. రంగులకు, ఈకలకు, ఎగిరే తీరుకు వారు వాడే మాటలను విన్నది విన్నట్టుగా రాసుకోవాలి. ఏ మాట తెలుగో, ఏది ఉర్దూనో, ఏది అక్కడి ప్రాంతీయ భాషదో తరువాత తేల్చవచ్చు. ఊరు, సంవత్సరం తప్పక వేయండి. ఆ మాట చెప్పినవారు ఒప్పుకుంటే, వారి పేరు కూడా.