బండెయిరాంతె విమానం: బ్రెజిల్ స్వావలంబనలో స్వదేశీ, విదేశీ పాళ్లు

బండెయిరాంతె విమానాన్ని ఎంబ్రాయర్ సంస్థ సృష్టించిందని సాధారణంగా రాస్తుంటారు. కాలక్రమాన్ని పరిశీలిస్తే విషయం తలకిందులవుతుంది. ఈ విమానపు తొలి నమూనా 1968 అక్టోబరు 22న ఎగిరింది. సంస్థ ఏర్పడింది 1969 ఆగస్టు 19న. విమానం ముందు పుట్టింది, దానికోసం కర్మాగారం తర్వాత వెలసింది. బ్రెజిల్ విమాన పరిశ్రమ స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఈ వరుసే కీలకం.

1960ల నాటికి బ్రెజిల్ విమానయాన సంస్థలు పెద్ద జెట్ విమానాల వైపు మళ్లాయి. వాటికి పొడవైన, గట్టి రన్‌వేలు కావాలి. అవి లేని లోతట్టు పట్టణాలకు రాకపోకలు క్రమంగా తగ్గిపోయాయి. మట్టి రన్‌వేల మీద కూడా దిగగల చిన్న టర్బోప్రాప్ విమానం ఈ లోటు తీర్చగలదని సావో జోసే దోస్ కాంపోస్‌లోని వైమానిక సాంకేతిక కేంద్రం భావించింది. వైమానిక దళాధికారి, ఇంజనీరు ఓజిరెస్ సిల్వా నాయకత్వంలో 1965లో పథకం మొదలైంది. రూపకల్పనకు సారథ్యం వహించినవాడు ఫ్రెంచి నిపుణుడు మాక్స్ ఓల్స్ట్. ఇంజన్లు కెనడాలో తయారైన పీటీ6 రకానివి. పనిచేసిన యువ ఇంజనీర్లలో పలువురు అదే ఊళ్లో 1950లో నెలకొన్న వైమానిక సాంకేతిక విద్యాసంస్థలో చదివినవారు. సిల్వా ఒక్కడి దార్శనికతగా ఈ కథను చెప్పే రచనలు ఆ విద్యాసంస్థకు తగిన స్థానం ఇవ్వవనే చెప్పాలి.

పేరు గురించి ఒక మాట. 17వ శతాబ్దంలో సావో పావులో నుంచి దేశాంతర్భాగాలకు సాగిన దండులను బండెయిరాంతెలు అంటారు. వారు బంగారం వెతికారు, ఆదివాసులను బానిసలుగా పట్టుకున్నారు కూడా. సైనిక పాలనాకాలంలో ఆ పేరు గర్వకారణంగా వినిపించింది.

నమూనా ఎగిరింది గాని దానిని వరుసగా నిర్మించడానికి ప్రైవేటు పెట్టుబడి ముందుకు రాలేదు. అప్పుడు ప్రభుత్వమే మిశ్రమ యాజమాన్యంలో ఎంబ్రాయర్‌ను నెలకొల్పింది. కంపెనీలు తాము చెల్లించవలసిన ఆదాయపు పన్నులో 1 శాతాన్ని ఆ సంస్థ వాటాల్లో పెట్టవచ్చునన్న వెసులుబాటు కల్పించింది. వైమానిక దళం 80 విమానాలకు ఆర్డరు ఇచ్చింది. ఇటలీ లైసెన్సుతో షవాంతె శిక్షణ జెట్ల తయారీ కూడా కొత్త సంస్థకే దక్కింది. ఉత్పత్తి పద్ధతులు, పనిముట్ల క్రమం అక్కడ అలవడ్డాయి. నమూనా చిన్నదని తేలడంతో విమానాన్ని పెంచి, మార్చి గీశారు. ఆ ఉత్పత్తి రూపం 1972 ఆగస్టు 9న ఎగిరింది. 1973లో వైమానిక దళానికి, ఆపై ట్రాన్స్‌బ్రాజిల్ సంస్థకు విమానాలు అందాయి.

ఇంజను కెనడాది, రూపకర్త ఫ్రాన్సు వాడు, తయారీ పాఠం ఇటలీది. అయితే ఇందులో స్వదేశీ ఏది? రూపకల్పన మీది హక్కు. ఇంజన్లు బయట కొన్నా, విమానదేహాన్ని ఎక్కడ పొడిగించాలో, తలుపు ఎంత వెడల్పు పెట్టాలో సావో జోసేలోనే నిర్ణయమయ్యేది. మన దేశంలో 1983 ఒప్పందం ప్రకారం హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కాన్పూరులో నిర్మించిన డోర్నియర్ 228తో పోలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. అది కూడా ఇదే తరగతి విమానం, దానికీ రక్షణ దళాలే ప్రధాన కొనుగోలుదారులు. కాని మూల రూపకల్పన జర్మనీది.

ఆ హక్కు విలువ 1978లో తెలిసింది. బండెయిరాంతె అప్పటికే 1977లో మరింత పొడవైన రూపం పొందింది. 1978 ఆగస్టులో అమెరికా ధ్రువీకరణ లభించింది, అక్టోబరులో అక్కడ విమానయాన నియంత్రణలు సడలించే చట్టం వచ్చింది. పెద్ద సంస్థలు వదిలేసిన చిన్న పట్టణాలకు కమ్యూటర్ సంస్థలు బయలుదేరాయి. బ్రెజిల్ లోతట్టు ఊళ్ల కోసం గీసిన విమానం అమెరికా పల్లెపట్టణాలకు సరిపోయింది. ఇది ముందుచూపు కన్నా కాలం కలిసిరావడమే అనిపిస్తుంది. అయితే కలిసొచ్చిన కాలానికి అందించడానికి చేతిలో విమానం సిద్ధంగా ఉంది. అమెరికాలో పోటీదారైన ఫెయిర్‌చైల్డ్ రాయితీల మీద చేసిన ఫిర్యాదు నిలవలేదు.

లోపల గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేకపోవడం ఈ విమానానికున్న పరిమితి. అందువల్ల మేఘాలకు పైన, ఎత్తున సాఫీగా ఎగరడం కుదిరేది కాదు. ఆ ఏర్పాటుతో, 30 సీట్లతో రూపొందిన బ్రసీలియా 1983లో ఎగిరింది. సుమారు 500 బండెయిరాంతెలు తయారయ్యాక 1990లో ఉత్పత్తి ఆగింది.