రాబిన్స్ ఉన్న పాఠంలో బాబాసాహెబ్ ఎక్కడ?

ఇంటర్‌లో సీఈసీ చదివినవాళ్ళని నిద్రలో లేపి అడిగినా అర్థశాస్త్రం మొదటి పాఠం అప్పజెబుతారు. ఆడం స్మిత్ సంపద నిర్వచనం, మార్షల్ శ్రేయస్సు నిర్వచనం, రాబిన్స్ కొరత నిర్వచనం. నేనూ అలాగే బట్టీ పట్టాను. ఆ రాబిన్స్ ఎవరో, ఎక్కడ చదివాడో మాకెవరూ చెప్పలేదు. చెబితే ఇంకో పేరు కూడా చెప్పాల్సి వచ్చేది.

లయొనెల్ రాబిన్స్ 1920లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరి 1923లో డిగ్రీ పూర్తి చేశాడు. బాబాసాహెబ్ అదే 1920లో అక్కడికి తిరిగి వెళ్ళి 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ సాధించారు. ఇద్దరికీ గురువు ఎడ్విన్ కానన్. రూపాయి సమస్య మీద బాబాసాహెబ్ రాసిన పుస్తకానికి ముందుమాట రాసింది ఆయనే. చాలా విషయాల్లో ఏకీభవించనంటూనే అందులోని కొత్తదనాన్ని మెచ్చుకున్నాడు. 1932లో రాబిన్స్ తన కొరత నిర్వచనం ఇచ్చింది కూడా ఈ కానన్ చెప్పిన శ్రేయస్సు నిర్వచనాన్ని కాదంటూనే.

బాబాసాహెబ్ లండన్ చదువు ఏకబిగిన సాగలేదు. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయి మధ్యలో వచ్చేశారు. 1918 నుంచి బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి, జీతంలో మిగుల్చుకుని, కొల్హాపూర్ సాహూ మహారాజు సాయం కూడా తీసుకుని మళ్ళీ ఓడెక్కారు. ఆ కాలేజీలో కొందరు తోటి అధ్యాపకులు ఆయన తమ నీళ్ళ కుండ ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. అక్కడ కొరత నీళ్ళది కాదు. రాబిన్స్ నిర్వచనంతో ఆ కుండ సంగతి ఎలా వివరించాలో ఏ గైడులోనూ ఉండదు.

అదే 1918లో ఆయన చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. ముక్కలైన భూములను కలిపేస్తే వ్యవసాయం బాగుపడుతుందని అప్పటి పండితుల మాట. బాబాసాహెబ్ అడ్డం తిరిగారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దాని మీద పెట్టే ఎడ్లు, పనిముట్లు, పెట్టుబడితో తేలుతుంది అన్నారు. రైతు దగ్గరున్న పనిముట్లతో పోలిస్తే ఉన్న కమతమే పెద్దదని కూడా వాదించారు. అసలు జబ్బు పని లేని చేతులన్నీ భూమినే పట్టుకుని వేలాడటం. మందు పరిశ్రమలు. ఇంటర్ రెండో ఏడాదిలో ప్రచ్ఛన్న నిరుద్యోగిత అని చదువుతామే, ఆ సంగతే ఇది. ఆ పదం పుట్టింది 1936లో, జోన్ రాబిన్సన్ రాతలో (ఈమె వేరే, రాబిన్స్‌తో కలపకండి). అంటే పేరు పెట్టడానికి 18 ఏళ్ళ ముందే మనవాడు జబ్బు చూపించాడు.

తప్పంతా పాఠ్యపుస్తకాలదే అనను. మనమూ ఆయన చేతిలో రాజ్యాంగం ఒక్కటే పెట్టి నిలబెట్టాం. లేదా రిజర్వ్ బ్యాంకు ఆయనే పెట్టారని వాట్సాప్‌లో పంచుకుంటాం. ఆ అతిశయోక్తి ఆయనకు అక్కర్లేదు. మన హాస్టళ్ళలో సీఈసీ అంటే ఎంపీసీ రానివాళ్ళ గ్రూపని ఇప్పటికీ చిన్నచూపు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆయన కొలంబియాలోనూ లండన్‌లోనూ డాక్టరేట్లు తెచ్చుకున్నది మీ సబ్జెక్టులోనే.

1925లో కరెన్సీ మీద వేసిన రాయల్ కమిషన్ ముందు ఆయన ఏం చెప్పారో వచ్చే భాగంలో రాస్తాను. జై భీమ్.