పరుపు తీసేస్తే నులక బిగుస్తుందా

"దగ్గమ్మా. ఇంకాస్త గట్టిగా."

తెర వెనక బల్లమీద పిన్ని వెల్లకిలా పడుకుని ఉంది. మోకాళ్ళు మడిచి, కుచ్చిళ్ళు పొట్టమీదికి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆమె చేతిలో నా చెయ్యి. నిన్న పొద్దుగూకేదాకా మిరపకోతలోనే ఉంది కదా, వేళ్ళకి ఆ ఘాటు ఇంకా వదల్లేదు, నా అరచెయ్యి కూడా మండుతోంది. పిన్ని దగ్గింది. గొంతులోంచే దగ్గింది, నడుం కింద ఏదీ కదలకుండా. ఏళ్ళ తరబడి సాధన చేసిన దగ్గు అది.

"అట్టా కాదు. ఇంట్లో ఎట్టా దగ్గుతావో అట్టా దగ్గు. చూడటానికేగా నేనున్నది."

ఈసారి పిన్ని నిజంగా దగ్గింది. డాక్టరమ్మ వంగి, సెంటీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లతో లోపలి ముందుగోడ ఎంత దిగిందో, వెనకగోడ ఎంత దిగిందో, గర్భసంచి మూతి ఎక్కడుందో విడివిడిగా కొలుస్తోంది. పక్కనున్న సిస్టర్ అంకెలు రాసుకుంటోంది. 1996 నుంచి ప్రపంచమంతటా వైద్యులు వాడుతున్న కొలత ఇది. యోని ముఖద్వారం దగ్గర కన్నెపొర ఉండే చోటు సున్నా. జారినది దానికి అటో ఇటో సెంటీమీటరు లోపు ఉంటే రెండో దశ. సెంటీమీటరు దాటి బయటికొస్తే మూడు. మొత్తం తిరగబడి బయటపడితే నాలుగు.

"మూడు," అంది డాక్టరమ్మ సిస్టర్‌తో. తర్వాత పిన్ని మోకాలు తట్టి, "అయిపోయిందమ్మా, లే. చీర సర్దుకుని నిదానంగా రా" అంది.

బయట వరండాలో బాబాయి ఉన్నాడు. గుంటూరు ఎండ అప్పుడే రేకుల మీద పేలుతోంది. గదిలో బల్లకి ఇటు మేమిద్దరం, అటు డాక్టరమ్మ. చీటీ మీద పెన్ను పెట్టి అడగడం మొదలుపెట్టింది.

"కాన్పులెన్ని?"

"ముగ్గురమ్మా. నాలుగోది నిలవలా."

"మొదటి కాన్పు ఎక్కడ?"

"ఇంట్లోనే. రెండు రాత్రిళ్ళు తీశాయి నొప్పులు. బిడ్డ బొద్దుగా ఉన్నాడు, దిగట్లేదని మంత్రసాని పొట్టమీద ఎక్కి అదిమింది."

"మళ్ళీ పనిలోకి ఎప్పుడెళ్ళావు?"

పిన్ని నా వైపు చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నెల తిరక్కుండానే నాట్లకెళ్ళా. అప్పుడందరూ అంతేగా."

"కింద జారుతోందని ఎప్పట్నుంచి తెలుసు?"

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. పైట కొస వేలికి చుట్టి విప్పింది. "మా చిన్నమ్మాయి పెళ్ళికి ముందు."

చిన్నమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు బడికెళ్తున్నాడు.

ఇక ఆగలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని సంగతులు వరసగా వస్తున్నాయి. పొద్దున లేచేసరికి ఏమీ ఉండదట. మధ్యాహ్నానికి పొత్తికడుపు కింద బరువు మొదలవుతుంది. సాయంత్రానికి కాళ్ళ మధ్య కోడిగుడ్డంత గడ్డ చేతికి తగులుతుంది, దాన్ని వేలితో లోపలికి తోస్తేగాని ఒంటేలు రాదు. పాత పంచె చింపి గోచీ పెట్టుకుని కోతకెళ్తుంది. పొలంలో నలుగురి మధ్య మాటిమాటికీ లేవాల్సొస్తుందని పగలు నీళ్ళు తాగడం మానేసింది. ఆటో కుదుపుకి భయపడి నడిచే వెళ్తుంది. పెళ్ళిళ్ళలో ఆమె పంక్తిలో కూర్చోకుండా గోడ పక్కన నిలబడే తినడం నేనెన్నోసార్లు చూశాను. మోకాళ్ళ నొప్పులనుకున్నాం అందరం. ఆమె కూడా మోకాళ్ళనే చెప్పింది.

"అప్పుడెప్పుడో పుట్టిన పిల్లాడికి ఇప్పుడు జారడమేందమ్మా?" అని అడిగింది చివరికి.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "మీ ఇంట్లో నులక మంచం ఉందా?"

"ఉంది."

"మన కటి ఎముకల మధ్య అట్టాగే కండరాల అల్లిక ఉంటుంది. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివర, అన్నీ దానిమీదే ఆనుకుని ఉంటాయి. పెద్ద బిడ్డ, రెండు రోజుల నొప్పులు, పైనుంచి అదమడం. అప్పుడే ఆ అల్లిక సాగింది, ఎక్కడో తెగింది కూడా. వయసులో ఉన్నావు కాబట్టి ఒళ్ళు ఓర్చుకుంది. ఆ తర్వాత బరువులు ఎత్తావు, కళ్ళంలో మిరప కోరుకి దగ్గావు, దొడ్డికెళ్ళాలంటే చీకటిపడేదాకా బిగబట్టి బిగబట్టి మలబద్ధకం తెచ్చుకున్నావు. ముట్టు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గి లోపలి పొరలు పల్చబడ్డాయి. నులక వదులైంది. పైనున్నది కిందికి దిగింది."

పిన్ని తల ఊపుతోంది. ఎవరి శాపమో, ఏ పాపమో అనుకుంటూ మోసిన దానికి ఒక కారణం దొరికింది. ముఖం కాస్త తేటపడింది. అంతలోనే మళ్ళీ ముడుచుకుంది.

"మా ఊళ్ళో ఆర్‌ఎంపీ సంచి తీయించెయ్యమన్నాడమ్మా. లేకపోతే క్యాన్సర్ అవుద్దన్నాడు. మా ఆయన డబ్బులు కూడా తెచ్చాడు."

"ఇది క్యాన్సర్ కాదు. జారినంత మాత్రాన క్యాన్సర్‌గా మారదు. ముట్టు ఆగాక ఎప్పుడన్నా రక్తం కనబడితే మాత్రం ఒక్కరోజు ఆగకుండా రా. అది వేరే సంగతి."

"మరి మా తోటికోడలికి ముప్ఫై దాటగానే తీసేశారు. ఆమెకిప్పుడు మళ్ళా ఏదో జారుతోందంట. సంచే లేకపోతే జారేదేంది?"

నేను కూడా ముందుకు వంగాను. ఈ ప్రశ్న నాక్కూడా తట్టలేదు.

"మంచం కుంగిందని పరుపు తీసేస్తే నులక బిగుస్తుందా?" అంది డాక్టరమ్మ. "సంచి తీసిన చోట యోని పైభాగాన్ని కుట్టి మూసేస్తాం. ఆ కుట్టిన కప్పుకి పట్టు లేకపోతే అదీ కిందికి దిగుద్ది. మూత్రాశయం ఎటూ అక్కడే ఉంటుంది, అదీ దిగుద్ది. ఆమెని కూడా తీసుకురా."

ఆ తోటికోడలు ఒక్కతే కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. దేశంలోకెల్లా ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. తెల్లబట్టకీ సంచి తీసుడే, నడుంనొప్పికీ సంచి తీసుడే. అనవసరంగా చేస్తున్న ఆపరేషన్ల మీద వేసిన పిటిషన్‌లో, కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం మా ఊరి ఆర్‌ఎంపీ గడప దాకా చేరినట్టు లేదు. నాకు కోపం వస్తోంది, దాచుకోను. ఆపరేషన్ అవసరమైన ఆడవాళ్ళు నిజంగానే ఉంటారు, పిన్నికీ అవసరం పడొచ్చు. కానీ మిగతా దారులేమిటో ఒక్కరన్నా ఆమెకి చెప్పలేదు. భయపెట్టడానికి మాత్రం ముందుకొచ్చారు.

దారులు ఇప్పుడు వింటోంది. ఇబ్బంది లేనివాళ్ళు ఊరికే కనిపెట్టుకుని ఉండొచ్చు. కండరాలు బిగించే వ్యాయామం ఒకటి. లోపల ఆసరాగా పెట్టే రింగు ఒకటి. ఆపరేషన్ ఒకటి, అందులోనూ సంచి తీసేది ఉంది, తీయకుండా పైకి కట్టేది ఉంది. చిన్నవయసు ఆడవాళ్ళకి సంచి నిలబెట్టే స్లింగ్ ఆపరేషన్లలో ఒకదానికి మన బొంబాయి డాక్టరు షిరోడ్కర్ పేరే ఉంది.

"కోతలైపోయేదాకా ఆపరేషన్ వద్దమ్మా," అంది పిన్ని, ఇది మొదటగా తేల్చేయాల్సిన సంగతి అన్నట్టు.

"అయితే ముందు రింగు చూద్దాం."

మళ్ళీ తెర వెనక్కి. గాజు కంటే కాస్త లావుగా, మెత్తగా ఉన్న సిలికాన్ వలయం. దాన్ని రెండుగా మడిచి, జెల్లీ రాసి, లోపలికి పోనిచ్చి వదిలింది డాక్టరమ్మ. అది లోపల విచ్చుకుని నిలబడింది. కొత్త ఉపాయమేం కాదు. హిప్పోక్రటిస్ పేరున ఉన్న పాత గ్రీకు వైద్యంలో ఇదే పనికి సగం కోసిన దానిమ్మకాయ వాడేవారు.

"నడువు. గొంతుక్కూర్చో. మెట్లెక్కి దిగు. ఒంటేలుకి పోయిరా. అవన్నీ అయితేనే ఇంటికి పంపిస్తా."

పిన్ని వెళ్ళింది. బాత్రూం లోంచి "అమ్మాయ్!" అని కేక. పరిగెత్తాను. గొంతుక్కూర్చోగానే రింగు జారి పడిపోయింది. పిన్ని గోడకానుకుని ఏడుస్తోంది. నాకిది కూడా నిలవదా, నాలో ఏదీ నిలవదా అంటోంది. సిస్టర్ వచ్చి రింగు తీసి కడుగుతూ, "మొదటి సైజు పడిపోవడం మామూలే పిన్నిగారూ, ఇది 65, మీకు 70 కావాలేమో" అంది. ఆ మామూలు గొంతే పిన్నిని నిలబెట్టింది.

రెండోది నిలిచింది. పిన్ని వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరకి నడుస్తోంది. మెట్లెక్కి దిగింది. గొంతుక్కూర్చుని లేచింది. ఒంటేలుకి వెళ్ళొచ్చి, నా చెవి దగ్గరకొచ్చి, "వేలు పెట్టకుండానే వచ్చిందే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం నేను చూశాను. దేశంలో ప్రతి మండలంలోనూ ఈ రింగు దొరకాలని ఆ క్షణాన బలంగా అనిపించింది.

జాగ్రత్తలు గట్టిగానే చెప్పారు. చెప్పిన తేదీకి తప్పకుండా రావాలి, తీసి కడిగి లోపల ఒరుసుకుందేమో చూసి మళ్ళీ పెడతారు. మర్చిపోయి ఏళ్ళకేళ్ళు వదిలేస్తే లోపల పుండు పడుతుంది, ఇరుక్కుపోతుంది. దుర్వాసన, నెత్తురు కనబడితే వెంటనే రావాలి. పల్చబడిన పొరకి రాత్రిపూట రాసుకోమని ఈస్ట్రోజన్ క్రీము రాసిచ్చారు.

వ్యాయామం పక్కగదిలో. ఫిజియోథెరపిస్టు మా అమ్మాయి వయసు పిల్ల. "పెద్దమ్మా, గాలి పోకుండా బిగబడతారు చూడండి, అట్టా బిగించి లోపలికి, పైకి లాగండి. ఊపిరి బిగబట్టొద్దు. తొడలు బిగించొద్దు." పిన్ని ముఖమంతా బిగించింది. ఆ పిల్ల చేత్తో చూసి, "మీరు కిందికి నెడుతున్నారు, చాలామంది ఇట్టాగే చేస్తారు" అని మళ్ళీ మొదలుపెట్టించింది. కాసేపటికి ఎక్కడ బిగించాలో దొరికింది. బిగించి అంకెలు లెక్కపెట్టడం, అంతసేపూ వదలడం, పది సార్లు, రోజుకి మూడు పూటలు. తుమ్ము వచ్చేముందు, బిందె ఎత్తేముందు ఓసారి బిగించడం.

వీటిని 1948లో కెగెల్ అనే అమెరికన్ డాక్టరు ప్రచారంలోకి తెచ్చాడు. జారుడుకి పనికొస్తాయా అన్నది మాత్రం చాలాకాలం ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో 447 మంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. మనిషికి మనిషి దగ్గరుండి నేర్పిన వాళ్ళకి ఏడాది తర్వాత బరువు, ఇబ్బంది తగ్గాయి. "మూడో దశ దీంతోనే పూర్తిగా వెనక్కి పోదు పెద్దమ్మా. బాధ తగ్గుద్ది. నెలలు పడుద్ది," అని ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. అలా చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

బాబాయి బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మిరపకాయలమ్మిన డబ్బు అందులో ఉంది. "ఎంతవుద్దంట?" అన్నాడు నన్ను చూసి. దార్లో పిన్ని నాతో "మీ బాబాయికి నువ్వే చెప్పు" అంది. కానీ ఇప్పుడు నేను నోరు తెరిచేలోపు తనే ఆయన పక్కన కూర్చుంది. మెల్లగా, ఎదురుగా గోడమీది బొమ్మల్ని చూస్తూ చెబుతోంది. ఎప్పట్నుంచో, ఎందుకు వేరే మంచం వేసుకుందో, ఎందుకు చెప్పలేదో. నేను కొంచెం దూరం జరిగాను. అయినా వినబడింది.

"నామీద విసుగు పుట్టిందేమో అనుకున్నానే," అన్నాడు బాబాయి.

తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన లేచి వెళ్ళి నిండుగా నీళ్ళసీసా కొనుక్కొచ్చి ఆమె చేతికిచ్చాడు. పిన్ని మూత తీసి గటగటా తాగింది.

కోతల చివర్లో నేను మళ్ళీ ఊరికి వెళ్ళాను. కళ్ళంలో ఎర్రగా ఎండబోసిన మిరపకాయలు, గాలి నిండా కోరు. గోతం ఎత్తే చోట మేస్త్రీకీ పిన్నికీ మాటలు నడుస్తున్నాయి. "ఇద్దరు పట్టుకుంటే నాకు పని సాగదు" అంటున్నాడతను. "సాగకపోతే మానె. ఈ ముఠాలో పదిమందికి నాకున్నదే ఉంది, నోరు తెరవట్లేదు అంతే," అంది పిన్ని, అంతమందిలో, ఎలుగెత్తి. ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. ఒకామె చేతిలో చేట కింద పెట్టి వచ్చి గోతం రెండో కొస పట్టుకుంది.

తేదీ ప్రకారం ఆసుపత్రికెళ్ళిన రోజు తోటికోడలు కూడా మాతో వచ్చింది. రింగు కడిగి పెట్టాక డాక్టరమ్మ ఆపరేషన్ సంగతి అడిగింది. పిన్ని కుర్చీ ముందుకి లాక్కుంది.

"చేయించుకోవాల్సొస్తే చేయించుకుంటా. సంచి తీస్తే ఆ కప్పు మళ్ళా దిగకుండా దేనికి కడతావమ్మా?"

డాక్టరమ్మ తెల్లకాగితం తీసి గీయడం మొదలుపెట్టింది. వెన్ను చివర, పక్క ఎముక, ఆ రెంటి మధ్య గట్టి లిగమెంటు, దానికి వేసే కుట్టు. ముందుగోడకి విడిగా వేసే కుట్లు.

"ఎన్నాళ్ళు ఆగుద్ది ఆ కుట్టు?"

"చాలామందికి నిలుస్తుంది. కొంతమందికి మళ్ళీ జారుద్ది. బరువులు, దగ్గు, మలబద్ధకం చూసుకోవాలి. ఈ వ్యాయామం అప్పుడూ మానకూడదు."

పిన్ని కాసేపు ఆలోచించి, వానలు పడేదాకా రింగుతోనే ఉంటానంది. కాగితం అడిగి తీసుకుని తోటికోడలి ముందు పరిచింది. "చూడు, నీకు ఇక్కడ కట్టలేదు," అని వేలు పెట్టి చూపిస్తోంది.